పీనుగు గిల్లుడు

మిట్టమధ్యాహ్నం... సరిగ్గా పన్నెండు గంటలు!

ఆకాశంలో సూర్యుడు లేడు. ఆరు వారాలుగా లేడు! నవంబరు చివర మునిగిన పొద్దు జనవరి మూడో వారం దాకా మళ్లీ మొహం చూపించని ఉత్తర నార్వే ద్వీపం అది. మామూలు రోజుల్లో ఈ వేళకి దక్షిణాన సముద్రం అంచు మీద కాసేపు నీలి వెలుగైనా తొంగిచూసి పోయేది. ఆ రోజు అదీ లేదు. కాటుక మేఘాలు కొండ కొమ్ముల దాకా దిగివచ్చి ఆ కాస్త కాంతినీ కబళించాయి. ఫెళఫెళారావంతో పిడుగొకటి సముద్రగర్భంలోకి దూసుకుపోయింది. చేపలు ఎండేసే దూలాల మీద కూర్చున్న కొమ్ముల గుడ్లగూబ తల వెనక్కి తిప్పి... ఒక్కసారి... ఒకే ఒక్కసారి కూసింది!

ఒడ్డున ఉన్న పడవల కొట్టంలో కిరసనాయిలు లాంతరు మినుకుమినుకుమంటోంది. తారు కంపు, పాత వలల కంపు... వాటి అడుగున అంతుపట్టని కుళ్లు కంపు ఇంకొకటి!

పలకల మీద ఒక యువతిని పడుకోబెట్టారు. ఉన్ని పావడా మోకాళ్ల పైకి లాగి ఉంది. ఆ కాళ్ల నిండా మచ్చలు! ఆవగింజంత ఎర్రటివి వందల కొద్దీ... వాటి నడుమ అరచేయంత నల్లనీలపు కమిలికలు... కనిపించని వేళ్లేవో కసిగా గిల్లి, మెలిపెట్టి వదిలినట్టు! ఆమె తల దగ్గర సముద్రపుటుప్పుతో తెల్లబారిన కపాలం. ఆ కపాలం నుంచి ఊడిన దవడ ఎముక మంత్రగాడు హాగ్‌బార్త్ కుడిచేతిలో ఉంది. అతని ఎడమచేతికి నల్లటి తోలు తొడుగు. ఆ తొడుగు అతను తీయగా చూసినవాళ్లు ద్వీపంలో ఎవరూ లేరు. మంత్రాల నల్లపుస్తకం చదివినందుకు ఆ చేతిని దయ్యం తాకట్టు పెట్టుకుందని చెప్పుకుంటారు.

"నీటిలోంచి వచ్చినదానా, నీటికే పో! మట్టిలోంచి వచ్చినదానా, మట్టికే పో!"

అతను ఎముకతో ఒక్కో మచ్చనూ రుద్దుతున్నాడు. రుద్దినచోటల్లా కొత్త కమిలిక లేస్తోంది.

గుమ్మంలో నిలబడిన గుడ్రున్ పళ్లు పటపట కొరికింది. ఆ పడుకున్నది ఆమె చెల్లెలు మారెన్. లాంతరు పట్టుకుని బొమ్మలా నిలబడ్డవాడు చెల్లెలి మొగుడు ఎడ్విన్. గుడ్రున్ ఏప్రాను జేబులో మందపాటి గాజుగ్లాసు ఉంది. డాక్టరు "ఇవాళే తీసుకురా" అన్న మాట చెవిలో ఇంకా మోగుతోంది. దుకాణంలో ఫోను పెట్టేసి ఇంటికి పరిగెత్తేసరికి మంచం ఖాళీ! ఈ పెద్దమనిషి పెళ్లాన్ని పడవలోకి కాకుండా పుర్రె దగ్గరికి మోసుకొచ్చాడు.

ఈ మచ్చల కథకి రెండు వారాల వయసు. మొదట చీలమండ దగ్గర మూడే మూడు చుక్కలు. నల్లులన్నారు ఒకరు. కొత్త ఉన్ని మేజోళ్లు గీరుకున్నాయన్నారు ఇంకొకరు. కడుపుతో ఉందేమో చూడమంది పక్కింటావిడ. చేపల షెడ్డులో ఉప్పు పడలేదన్నారు. మారెన్ నవ్వి మేజోళ్లు పైకి లాక్కుంది. గుడ్రున్‌కి మాత్రం మనసొప్పక దుకాణంలోంచి అవతలి ఒడ్డున ఉన్న డాక్టర్ ఫ్రీస్‌కి ఫోను చేయించింది.

"కొత్తగా మందులేమైనా వేసుకుంటున్నావా? మాత్రలు, పొడులు, కషాయాలు?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఏం లేవండీ," అంది మారెన్.

పక్కనే నిలబడ్డ గుడ్రున్ కూడా నోరు మెదపలేదు. ఇద్దరూ అబద్ధం ఆడుతున్నామనుకోలేదు! ఆ ద్వీపంలో ఉగ్గుపాలతో వచ్చే నియమం అది. మంత్రగాడు ఇచ్చినదాన్ని పేరెత్తి ఎవరికీ చెప్పకూడదు. చెబితే మందు చెడుతుంది. అతనితో "మేలు చేశావు" అని కూడా అనకూడదు. అంటే అతని శక్తి ఆ క్షణమే పోతుంది. అందుకే అతనిచ్చినదీ డాక్టరమ్మ అడిగిన మందుల్లోకే వస్తుందని వాళ్ల బుర్రకే తట్టలేదు.

"సరే, గుర్తుపెట్టుకోండి," అంది డాక్టరమ్మ. "గాజుగ్లాసు పెట్టి మచ్చ మీద నొక్కి చూడండి. గాజులోంచి చూస్తే మచ్చ మాయమైతే కాస్త ఊరట. మాయం కాకపోయినా, సంఖ్య పెరిగినా, చిగుళ్లలోంచో ముక్కులోంచో నెత్తురొచ్చినా, జ్వరం తగిలినా... ఆ రోజే నాకు చెప్పాలి. మర్నాడు కాదు!"

మచ్చలు పెరిగాయి. మారెన్ మేజోళ్లు ఇంకాస్త పైకి లాక్కుంది. ఇవాళ పొద్దున పళ్లు తోముకుంటుంటే బేసిన్ ఎర్రబడింది. గుడ్రున్ గ్లాసు తెచ్చి నొక్కింది. ఒక్క చుక్క కూడా చెరగలేదు!

"ఎడ్విన్!" గుమ్మంలోంచే అరిచింది గుడ్రున్. "నీకు బుద్ధుందా అసలు? డాక్టరమ్మ ఇవాళే తెమ్మంది!"

"ఒక్కసారి రుద్దించుకుని వెళ్దాం వదినా," అన్నాడు ఎడ్విన్ నీళ్లు నములుతూ. "ఇది పీనుగు గిల్లుడు. మా అమ్మమ్మకీ ఇలాగే అయిందట. పీనుగు గిల్లితే పీనుగు ఎముకే దిక్కు."

"మీ అమ్మమ్మ ఏమైంది?"

"...పోయింది."

"భేష్!"

"నోరు ముయ్!" హాగ్‌బార్త్ గర్జించాడు. అతని కళ్లు లాంతరు వెలుగులో చింతనిప్పుల్లా ఉన్నాయి. "గిల్లింది ఎవరో తెలుసా పిల్లా? మీ నాన్న! సముద్రం మింగిన మీ నాన్న! పిడికెడు మట్టికి నోచుకోని ప్రేతం రోజూ దీని మంచం చుట్టూ తిరుగుతోంది!"

అప్పుడు మారెన్ పెదవులు కదిలాయి... ఆ గొంతు మారెన్‌ది కాదు! బొంగురుగా, లోతుగా, నీళ్ల అడుగునుంచి వచ్చినట్టు...

"చలి... చలిగా ఉంది... నన్నెందుకు వదిలేశారే... గుడ్రున్..."

గుడ్రున్ తండ్రి పడవ తిరిగిరాక పదకొండేళ్లు. ఆయన గొంతు ఆమెకి ఇంకా గుర్తుంది. ఒక్క క్షణం... నిజంగా ఒక్క క్షణం... ఆమె మోకాళ్ల మీద కూలబడి తండ్రిని క్షమించమని వేడుకోబోయింది!

అంతలో మారెన్ దగ్గింది; గొంతులో నిండిన నెత్తురు ముక్కులోంచి కూడా ధారగా కారడం మొదలైంది.

హాగ్‌బార్త్ నవ్వాడు. నెత్తురు ఆపడమే అతని విద్య! గొడ్డలి దెబ్బయినా, గాలం చీరినా, అతను దూరంగా నిలబడి మాట పలికితే ధార ఆగిపోతుందని మూడు ద్వీపాల్లో పేరు. కుడిచెయ్యి పైకెత్తాడు.

"ఆగు!"

ఆగలేదు.

"రాయివైపో! ఆగు!"

పలకల మీద నెత్తురు చుక్కలుచుక్కలుగా పడి మడుగు కడుతోంది. బయట మేఘాలు బద్దలయ్యాయి. కొట్టం గోడలు గడగడలాడాయి!

"ఆగూ!!"

ఆగలేదు! హాగ్‌బార్త్ మొహంలో రంగు పోయింది. అతను అడుగు వెనక్కి వేయడం గుడ్రున్ చూసింది. ఆ అడుగుతో ఆమెలో ఉన్న భయం కాస్తా కోపంగా మారిపోయింది. రెండు వారాలు! రెండు వారాలు చెల్లెల్ని ఈ మనిషి చేతుల్లో వదిలేసి తను చేపలు కోస్తూ కూర్చుంది!

"నీ పెళ్లాం కావాలా, ఆ పుర్రె కావాలా?" అంది ఎడ్విన్‌తో. "తొందరగా తేల్చు. నాకు ఓపిక లేదు."

ఎడ్విన్ లాంతరు కింద పెట్టాడు. వంగి మారెన్‌ని ఎత్తుకున్నాడు.

"గుమ్మం దాటితే...!" హాగ్‌బార్త్ తోలు తొడుగు చేతిని గుడ్రున్ మొహం మీదికి చాచాడు. ఆ కుళ్లు కంపు గుప్పుమంది. "దాటితే ఆ ప్రేతం నీ చేతులు పట్టుకుంటుంది! అవతలి ఒడ్డు చేరేలోపు నీ వేళ్ల మీదా దాని వేళ్లు పడతాయి! చూసుకో గుడ్రున్! చూసుకో!"

"చూసుకుంటాలే," అని ఆమె దాటింది.

పడవ మోటారు రెండుసార్లు మొరాయించి మూడోసారికి కదిలింది. అలలు పడవను ఎత్తి కుదేస్తున్నాయి. మెరుపు మెరిసినప్పుడల్లా సముద్రం ఒక్క క్షణం తెల్లగా కనిపించి మళ్లీ కాటుకలో కలిసిపోతోంది. తడి గుడ్డతో చెల్లెలి ముక్కు నొక్కి పట్టుకుని, ఆమె తల ముందుకు వంచి, టార్పాలిన్ కింద కూర్చుంది గుడ్రున్. తొందరలో చేతి తొడుగులు మర్చిపోయింది.

సగం దూరం వచ్చాక పెద్ద మెరుపు... ఆ వెలుగులో ఆమె తన చేతులు చూసుకుంది.

మచ్చలు! రెండు చేతుల మీదా... వేళ్ల వెనక... ఎర్రెర్రగా... మచ్చలు!

చుక్కాని దగ్గరున్న ఎడ్విన్ కూడా చూశాడు.

"వదినా! పట్టింది! నిన్నూ పట్టింది! పడవ తిప్పేస్తున్నా!"

"తిప్పావంటే నిన్ను సముద్రంలో తోసేస్తా! ఆ పడవ లాంతరు ఇటివ్వు!"

జేబులోంచి గ్లాసు తీసింది. ఎడమచేతి వెనక మచ్చ మీద పెట్టి నొక్కింది. లాంతరు దగ్గరికి లాక్కుంది... గాజు అడుగున చర్మం పాలలా తెల్లబడింది! గ్లాసు తీస్తే ఎరుపు తిరిగొచ్చింది. మళ్లీ నొక్కింది. మళ్లీ తెల్లబడింది! ఇంకో వేలి మీద... అక్కడా అంతే!

"చలిరా తండ్రీ, చలి!" గుడ్రున్‌కి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. "ఉప్పునీళ్లు తగిలి చేతులు ఎర్రబడ్డాయి. ప్రతి చలికాలం చేపల షెడ్డులో ఇదే కదా నా బతుకు! ఆ ముసలాడు ఒక్క మాట అనేసరికి నా చేతుల్ని నేనే గుర్తుపట్టలేకపోయాను!"

అదే గ్లాసు చెల్లెలి మణికట్టు మీద పెట్టింది. గాజు కింద ఎర్రచుక్కలు కదలకుండా ఆమెనే చూస్తున్నాయి.

"ఇంకా జోరుగా పోనీ," అంది మెల్లగా.

డాక్టర్ ఫ్రీస్ రేవులోనే నిలబడి ఉంది. పొట్టి మనిషి, పొడుగు రబ్బరు బూట్లు. మారెన్‌ని రేవు పక్క చిన్న ఆసుపత్రిలో బల్ల మీద పడుకోబెట్టి, నోరు తెరిచి చూసి, పొట్ట నొక్కి చూసి, నెత్తురు తీయించి, ముక్కులో గుడ్డ కూరింది. తర్వాత అలసిపోయిన కళ్లతో అక్కాచెల్లెళ్లని చూసింది.

"మళ్లీ అడుగుతున్నా. ఏమైనా మందు వేసుకుంటున్నావా?"

మారెన్ గుడ్డనిండా నెత్తురుతోనే తల అడ్డంగా ఊపింది. ఊపుతూ అక్క వంక చూసింది... ఆ చూపులో "చెప్పకు" అని ఉంది. ఆ చూపు చూడగానే గుడ్రున్‌కి అర్థమైపోయింది. చెప్పకూడనిది ఉందంటే, చెప్పాల్సింది ఉన్నట్టే!

బయట ఉరుము ఉరిమింది. పుట్టినప్పటినుంచి విన్న నియమం ఆమె నాలుకను పట్టి వెనక్కి లాగింది. చెబితే మందు చెడుతుంది. చెడితే చెల్లెలు పోతుంది. పోతే అందుకు తనే కారణం!

"తెల్ల పొడి," అంది గుడ్రున్. "హాగ్‌బార్త్ ఇస్తాడు. కాఫీలో కలుపుకుని తాగాలి. విషంలా చేదు. దీనికి కాళ్లు పట్టేస్తుంటే నెలకిందట నేనే... నేనే తెచ్చి ఇచ్చానండీ. మచ్చలొచ్చాక రోజుకి రెండుసార్లు తాగమన్నాడు."

మారెన్ కళ్లు మూసుకుంది. పిడుగు పడలేదు. ప్రేతం రాలేదు.

"చేదు పొడి, కాళ్ల పట్టుకి!" డాక్టరమ్మ చేతిలోని పెన్ను బల్ల మీద కొట్టింది. "అది క్వినైన్ అయి ఉంటుంది! కుర్రతనంలో ఓడల మీద వేడిదేశాలు తిరిగొచ్చాడుగా, జ్వరానికి వాడేది డబ్బాల కొద్దీ దాచుకుని ఉంటాడు. వెయ్యిమందికి ఏమీ కాదు. ఎవరో ఒకరి ఒంటికి అది పడక, నెత్తురు గడ్డకట్టించే కణాలన్నీ నాశనమైపోతాయి. అప్పుడు దెబ్బ తగలకుండానే చర్మం కింద నెత్తురు చిమ్ముతుంది. ఆ చుక్కలవే! ఇంకేదైనా జబ్బేమో కూడా చూస్తా గానీ, ముందు ఆ పొడి ఆగాలి. ఒక్క చిటికె కూడా తాకకూడదు. పది రోజుల కిందట నేనడిగానా లేదా?"

"అడిగారు."

"మరి?"

"మీరడిగే మందనుకోలేదండీ," అంది గుడ్రున్. "చెప్పకూడదనుకున్నాం."

డాక్టరమ్మ కుర్చీలో కూలబడి మొహం రుద్దుకుంది. "మచ్చ కనబడితే చాలు, మీ ద్వీపంలో పీనుగు అంటారు. మా ఆసుపత్రిలో కొందరు 'ఏం కాదు పో' అంటారు. నాకు ఇద్దరితోనూ విసుగే! పది మచ్చల్లో తొమ్మిది ఉత్తవే. పురుగు కుట్టినవి, చలికి వచ్చినవి, వయసుకి వచ్చినవి. ఆ పదోదాని కోసమే చూపించుకోమనేది. నొక్కినా చెరగనిది, ఉన్నట్టుండి పెరిగేది, నెత్తురో జ్వరమో వెంటబెట్టుకొచ్చేది... రంగూ ఆకారమూ మార్చుకునే నల్లమచ్చ, మానని పుండు. ఇవి ఎవరికి వచ్చినా సరే, పడవెక్కండమ్మా!"

ఆ సాయంత్రం ఎడ్విన్ నెత్తురూ ఇంకో ఇద్దరి నెత్తురూ మారెన్‌కి ఎక్కించారు. రెండు రోజులు గుడ్రున్ ఆ మంచం పక్కనుంచి లేవలేదు. మూడో రోజు చిగుళ్లు ఎర్రబడటం ఆగింది. ఆరో రోజు కొత్త చుక్క ఒక్కటీ లేదు. తొమ్మిదో రోజు మారెన్ చేప పులుసు అడిగి, ఉప్పు తక్కువైందని వంక పెట్టింది. అప్పుడు గుడ్రున్ వసారాలోకి పోయి గోడకి తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది.

జనవరి మూడో వారం దాటగానే ద్వీపం మీదికి పొద్దు తిరిగొచ్చింది. కొండ అంచు మీద పావుగంటసేపు ఎర్రటి సూర్యుడు!

ఆ పావుగంటలోనే గుడ్రున్ మిగిలిన పొడి పొట్లం పట్టుకుని పడవల కొట్టానికి బయల్దేరింది. దాన్ని ముసలాడి మొహాన కొట్టాలి. రెండు వారాలుగా కూడబెట్టుకున్న తిట్లన్నీ దారి పొడుగునా వల్లెవేసుకుంటూ వెళ్లి తలుపు తన్నింది.

కంపు!

లోపల, వలల కుప్ప మీద, హాగ్‌బార్త్ పడి ఉన్నాడు. మూడు ద్వీపాలను గడగడలాడించిన ఆ నిలువెత్తు మనిషి ఎండు చేపలా చిక్కిపోయాడు. తోలు తొడుగు నేల మీద ఉంది. మొదటిసారి ఆ ఎడమచెయ్యి బయట పడింది...

అరచేతి నడుమ మచ్చ! తారులా నల్లగా, ఒక పక్క నీలంగా, అంచులు చిందరవందరగా పాకి, మధ్యలో పగిలి రసి కారుతున్న మచ్చ! మణికట్టు పైన గడ్డలు. చంకలో ఇంకో గడ్డ. పక్కనే కపాలం, నూరినట్టు అరిగిపోయిన దవడ ఎముక... ఆ ఎముక అరిగింది జనం మచ్చల మీద కాదు. రోజూ, తలుపేసుకుని, తన అరచేతి మీద!

గుడ్రున్ చేతిలోంచి పొట్లం జారిపోయింది.

"ఎన్నాళ్లయింది?"

"ఆరేళ్లు." అతని గొంతులో గర్జన లేదు. "మొదట... మిరియపు గింజంత. గాలం గుచ్చుకుందనుకున్నా. తర్వాత పెరిగింది. ఎముకతో రుద్దుకున్నా. దేవుణ్ణి పిలిచా, దయ్యాన్ని పిలిచా... నల్లపుస్తకం తిరగేశా... పోదే!"

"డాక్టరు పడవ పదిహేను రోజులకోసారి నీ తలుపు ముందునుంచే పోతుంది కదయ్యా! ఆరేళ్లు!" వల్లెవేసుకున్న తిట్లన్నీ ఎక్కడికో పోయాయి. "చెయ్యి చాపితే సరిపోయేదే!"

"ఎవరితో చెప్పను?" అన్నాడు హాగ్‌బార్త్. "పీనుగు గిల్లుడు తీసేవాణ్ని పీనుగే గిల్లిందని... ఎవరితో చెప్పనే?"

గుడ్రున్ ఎడ్విన్‌ని కేకేసింది. ఇద్దరూ కలిసి అతన్ని దుప్పటిలో చుట్టి అదే పడవలో అవతలి ఒడ్డుకి తీసుకెళ్లారు. డాక్టర్ ఫ్రీస్ ఆ చేతిని చూసి, చంకలోని గడ్డ తడిమింది. ఆనాడు మిరియపు గింజంత ఉన్నప్పుడు కోసేసి ఉంటే బతికే అవకాశం ఉండేదని, ఇప్పుడది ఒళ్లంతా పాకిందని, నొప్పి తగ్గించడం తప్ప తన చేతిలో ఏమీ లేదని చెప్పింది. గుడ్రున్ ఆ కపాలాన్ని గుడ్డలో చుట్టి పాస్టరుకి అప్పగించింది. ఎవరి తండ్రో, ఎవరి అన్నో... కనీసం అతనికైనా పిడికెడు మట్టి దక్కింది.

మార్చిలో ఒకరోజు, కిటికీ నిండా ఎండ పడుతున్న వేళ, గుడ్రున్ హాగ్‌బార్త్‌ని చూడటానికి వెళ్లింది. కట్టు కట్టిన ఎడమచెయ్యి దుప్పటి మీద ఉంది. తొడుగు లేదు. అతని కళ్లు ఆమెను వెతుక్కుని పట్టుకున్నాయి. పెదవులు బలం కూడదీసుకున్నాయి. పుట్టి బుద్ధెరిగి ఎవరినోటా తను అననివ్వని మాట, అంటే తన శక్తి నశిస్తుందని లోకాన్ని భయపెట్టిన మాట... అతని నోటి నుంచే వచ్చింది.

"మేలు చేశావమ్మా."

గుడ్రున్‌కి ఒళ్లు మండింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ రెండింటిలో ఏది ముందో ఆమెకే తెలియదు.

"ఏం మేలయ్యా!" అంది దుప్పటి సర్దుతూ. "ఆరేళ్ల ముందు ఆ చెయ్యి చూపించి ఉంటే చేసేదాన్ని."